ఆ పిల్ల తెచ్చిన కబురు

నాలుగు రోజులుగా బడికి రాని పిల్ల కోసం పంతులు వాళ్లింటికి వచ్చాడు. సంతకు పోయి పోయి పంతులు భాష నేర్చుకున్న తండ్రి వాకిట్లో కూలబడి ఉన్నాడు.

"వాళ్లమ్మ పోయింది సారూ, సోమవారం మధ్యాహ్నం."

"అయ్యో! నాకు కబురైనా పెట్టలేదేం?"

"పెట్టాను. ఆమెను వదిలి రాలేక పిల్లను పంపాను. అమ్మకు కాన్పు కష్టమైంది, బండి తీసుకుని రమ్మని చెప్పమన్నాను. చెప్పలేదా?"

"చెప్పింది... గంట కొట్టకముందే పరుగెత్తుకొచ్చి మీ భాషలో ఏదో చెప్పింది. ఎన్నడూ నోరు విప్పని పిల్ల ఇన్ని మాటలు మాట్లాడిందని మురిసిపోయాను. తల నిమిరి, ముందు వరుసలో కూర్చోమన్నాను. సాయంత్రం దాకా కదలకుండా కూర్చుంది."

"కూర్చుంటుంది సారూ. మీ భాషలో దానికి తెలిసింది ఆ ఒక్క మాటే."