రింటౌల్ మేడం కిటికీ తెర

బడి హాల్లో మొదటి హెడ్‌మిస్ట్రెస్ పటం పక్కనే మూడో ఆవిడ పటం తగిలించారు కదా, మధ్యలో ఆవిడ ఏమైందని మీలో ఒక్కరైనా అడిగారా? ఐలీ, నువ్వు? యూవన్, నవ్వకు. మీరు అడగరు, వాళ్లు చెప్పరు.

మొదటావిడ గెడిస్ మేడం. చేపలు కోసే పిల్లలకి హైస్కూలేమిటని ఊరు ఎగతాళి చేస్తుంటే, వలలు దాచే కొట్టులో బడి మొదలుపెట్టింది. ఆవిడ పోయాక రింటౌల్ మేడం వచ్చింది. మాకు లెక్కలు చెప్పేది.

అప్పట్లో ఒక రూలుండేది, వినండి. పెళ్లయిన ఆడది బడిలో పాఠం చెప్పకూడదు. మరి మాస్టార్లకి? పెళ్లి చేసుకుంటే అభినందనలూ, విందూ. ఆఁ, ఇప్పుడు నవ్వొస్తుందిలే.

రింటౌల్ మేడం గుట్టుగా పెళ్లి చేసుకుంది. మాగ్నస్ అని, పడవ మీద పనిచేసే మనిషి. ఎవరింట్లో వాళ్లే ఉండేవారు. ఉద్యోగం నిలవాలిగా.

ఆ నవంబరు గాలివానకి మాగ్నస్ పడవ మునిగింది. సముద్రంలో మనిషి పోతే ఆ ఇంటివాళ్లు కిటికీ తెర దించేస్తారు కదా, ఆ పొద్దున వీధి పొడుగునా తెరలు దిగిపోయాయి. మేడం ఇంటి తెర మాత్రం పైనే ఉంది. బడి ప్రార్థనలో, పోయినవాళ్ల పేర్లు హెడ్‌మిస్ట్రెస్సే చదవాలి. చదివింది. మాగ్నస్ పేరూ అందరి పేర్లలాగే చదివింది. ముందు వరసలో నేనున్నాను, విన్నాను. ఆ తర్వాత భిన్నాలు చెప్పింది.

మనిషన్నాక ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? మాగ్నస్ శవం ఒడ్డుకి కొట్టుకొచ్చిన సాయంత్రం ఇంటికెళ్లి తెర దించేసింది. వీధికి అంతే చాలు.

బడి కమిటీ పిలిచింది. పాస్టరుగారే పెద్ద. టీ అందించడానికి వెళ్లిన మా అమ్మ విన్నది.

"ఆయన పోయారు కదండీ. ఇప్పుడు నేను పెళ్లయినదాన్ని ఎలా అవుతాను?" అని అడిగిందట మేడం.

"మీరు తెర దించకుండా ఉంటే మాకు తెలిసేదే కాదు కదమ్మా," అన్నాడట ఆయన, ఎంతో మెత్తగా.

మరుసటి సీజనుకి ఆవిడ రేవులో హెర్రింగు చేపలు కోసింది, వేళ్లకి గుడ్డపేలికలు చుట్టుకుని. ఓ రోజు దగ్గరికెళ్లి "మేడం" అన్నాను. తలెత్తలేదు. "ఉప్పు పడుతుంది, వెనక్కి జరుగు," అంది. అంతే మాట్లాడింది.

రూలు ఎత్తేసేనాటికి ఆవిడ లేదు. పాస్టరుగారిని తిడదామా? ఆ చలికాలం మా ఇంటికి బొగ్గులు పంపించాడు. మంచివాడే. ఏం చేస్తాం మరి.

జరగండి. దుంపలు సగం చెక్కు తీసి వచ్చాను, నల్లబడిపోతుంటాయి.