ఊఁ కొట్టిన కెమెరా

తాడుకు వేలాడుతూ మేడ అద్దాలు తుడిచే మనిషి సాయంత్రం డాబా మీదికెక్కి, ఛాతీకి కట్టుకున్న కెమెరా విప్పాడు. పొద్దున్నుంచీ ఫోన్‌లోని యాప్‌తో దాన్ని నడిపిస్తూ పని చూసే సూపర్‌వైజర్ అందుకున్నాడు.

"ఏమంటారు సార్, వెళ్లి మా ఆవిడని తీసుకురమ్మంటారా?"

"ఎక్కణ్ణుంచి?"

"అదేంటి! అలిగి పుట్టింటికెళ్లిందని నెల్రోజులుగా తుడుస్తూ మీకే చెప్పుకుంటున్నాగా?"

"ఓరి నాయనా! ఈ యాప్‌లో బొమ్మే వస్తుంది, మాట రాదు."

అతను నోరెళ్లబెట్టాడు.

"మరి నేను ఆగినప్పుడల్లా కెమెరా టిక్కుమనేది! మీరు ఊఁ కొడుతున్నారనుకున్నా."

"అద్దంలో నీ పెదాలు కదలడం కనిపించేది. అవి ఆగగానే ఫోటో బటన్ నొక్కేవాణ్ణి."

"ఏం చెబుతున్నానో తెలీకుండానేనా?"

"ఫోన్‌లోంచి నాకేసే చూస్తున్నట్టు అంతసేపు మాట్లాడేవాళ్లు ఇంకెవరున్నార్రా నాకు?"