ఐదో గేరుల పెండ్లికొడుకు

“ఐదో గేరు పెట్టుడు పెద్ద పనేం గాదు. చెయ్యి తిరిగినోడు ఎవడైన పెడ్తడు. పెట్టినంక ఆ బండిని ఆపుడున్నది సూడు, గదీ అసలు పని.”

తొర్రూరు బస్టాండు ముంగట ఉప్పలమ్మ చాయ హోటల్ల మెకానిక్ ఎల్లస్వామి ఈ మాట అనంగనే, ఆటో నడిపే యాకయ్య చాయ గ్లాసు పక్కన పెట్టిండు. ఎల్లస్వామి నోరు తెరిచిండంటే ఇంక చాయ చల్లారాల్సిందేనని అతనికి ఎరుకే. బడిపంతులు గోవర్ధన్ పేపర్ మడిచి సంకల పెట్టుకున్నడు. బల్ల ఆ చివరన గూడూరు బస్సు కోసం ఆగిన ముసలాయన ఒకాయన మాత్రం తన బిస్కెట్ తాను చాయల ముంచుకుంట కూసున్నడు.

“ఏ బండి సంగతి ఎల్లన్నా?” అని అడిగిండు యాకయ్య.

“రైస్‌మిల్లు శ్రీశైలం కారు సంగతిరా. ఎర్రది. రెండే సీట్లు, మీద కప్పు లేదు, గోడకు బల్లి అతుక్కున్నట్టు రోడ్డుకు అతుక్కొని ఉంటది. ఇంగ్లండ్ల పుట్టింది, మా నాయిన కంటె వయసుల పెద్దది. లింగాల ఘనపురం దిక్కు దొర ఒకాయన హైదరాబాద్ పోవుకుంట దాన్ని దొడ్లె ఇడిచిపెడితే, అండ్ల కోళ్లు గుడ్లు పెట్టి పిల్లల్ని లేపినయి. శ్రీశైలం దాన్ని తెచ్చుకొని నా షెడ్డుల పెట్టి, ‘ఎల్లస్వామీ, ఇంజను మంచిగనే ఉన్నది గని దీనికి నాలుగే గేర్లు, అండ్ల ఒకదాని పండ్లు రాలిపోయినయి, ఐదు గేర్ల డబ్బ ఎక్కియ్యాలె, నువ్వు తప్ప ఎవలున్నరు’ అన్నడు. తప్పుతదా మరి.

మానుకోటల పాత ఇనుప సామాన్ల దుకాణంల పల్టీ కొట్టిన వ్యాను ఒకటి పడి ఉండె. దాని గేర్ల డబ్బ ఇప్పుకొచ్చిన. తీరా పెట్టి సూస్తె, ఇంజను బోల్టులు ఒక దిక్కు, డబ్బకున్న తొర్రలు ఒక దిక్కు. పడని అత్తాకోడండ్ల తీర్గ మొకాలు కలుస్తలేవు. ఏం జేసిన? ట్రాక్టరుకు దున్నే డిస్కు ఉంటది గదా, గదొకటి తెచ్చి, సాపు జేసి, రెండింటి నడుమ పెట్టి, ఇటు ఇంజను తొర్రలు, అటు డబ్బ తొర్రలు ఏసి బిగిచ్చిన. డబ్బ జానెడు పొడుగెక్కువాయె. ఎనుక చక్రాలకు పొయ్యే రాడ్డును అంతమేర కోపిచ్చి, లేత్ మీద మళ్ల అతికిపిచ్చిన. గేరు రాడ్ ఏడికి రావాలె? రెండు సీట్ల నడుమకు. ఏడికొచ్చింది? డ్రైవరు తొడ కిందికి. దాన్ని కొలిమిల కాల్చి వంచిన.”

“ఈడిదాక నమ్మొచ్చు,” అన్నడు గోవర్ధన్.

“ఆగు సారూ, బండి ఇంక షెడ్డు దాటలే. గది సకల జనుల సమ్మె నడుస్తున్న టైము. బస్సుల్లేవు, రైళ్లు లేవు, బడి లేదు, నువ్వు సుత వంటావార్పు అని రోడ్డు మీద పులిహోర కలుపుతుంటివి. మా షెడ్డెనుక గల్లీల ఎల్లేశ్ అని కరెంటు పని చేసే పిలగాడు. వానికి లింగాల ఘనపురం పిల్ల మౌనికతోని లగ్గం. చుట్టాలంత ముందురోజే ఎట్లెట్లనో పోయిన్రు. వీడు పోలే. సమ్మె శిబిరం ఇడిచిపెట్టి లగ్గానికి పోతె దోస్తులు ఏమనుకుంటరోనని ఆడ్నే కూసున్నడు. పొద్దున్నే ఆ దోస్తులే తిట్టి లేపిన్రు. ఇగ పోదమంటే బండేది? అవతల పిల్ల మేనమామ ఫోన్ల కొట్టినట్టు చెప్పిండు: పొద్దు నెత్తి మీదికి వచ్చేటాల్లకు పిలగాడు పీటల మీద ఉండాలె, లేకుంటే మా దగ్గర ఇంకో పిలగాడు తయారుగున్నడు అని. ఎల్లేశ్ పసుపు మొకంతోని నా షెడ్డు ముంగట నిలబడ్డడు. వాని మొకం సూస్తె రాయి సుత కరుగుతది.”

“పాపం,” అన్నది ఉప్పలమ్మ పాలు పొంగకుండ గరిటె తిప్పుకుంట.

“కూసోరా అన్న. సెల్ఫ్ కొట్టిన. ఒకటో గేరుల మార్కెట్ దాటినం. రెండో గేరుల ఊరు దాటినం. మూడో గేరుల వాని మొకం మీది పసుపు ఎండి రాలింది. నాలుగో గేరుల పాలకుర్తి తొవ్వ మీద మంచిగ పోతున్నం, శిబిరాలోళ్లు చేతులూపుతున్నరు, నేను సుత ఊపుతున్న. గప్పుడు ఐదో గేరేసిన. ఏమైందో ఎరుకేనా?”

“ఏమైంది?” అన్నడు యాకయ్య.

“ముంగటొక పోలీసాయన ఆపుమని చెయ్యెత్తిండు. ఆయన చెయ్యి ఎత్తుడు షురూ జేసినప్పుడు మేం ఆయన ఎదురుంగనే ఉన్నం. ఆ చెయ్యి పైకి పొయ్యేసరికి ఊరవతలున్నం. పాపం ఎవల్ని ఆపిండో ఆయనకే సమజ్ కాక, ఎత్తిన చేత్తోని నెత్తి గోక్కున్నడట. ఎల్లేశ్ సంబురంల తొర్రూరు దిక్కు ‘జై’ అన్నడా, ‘తెలంగాణ’ అన్నది జనగామల వినబడ్డది. నడుమ ఊర్లల్ల ఏం వినబడలే.”

“మరి నీ నీడ?” అన్నడు గోవర్ధన్ మీసంల నవ్వుకుంట.

“మంచిగ యాది జేసినవు సారూ. నీడ అందుకోలే. తెల్లారి వచ్చి కలిసింది. సరే, ఘనపురం వచ్చిందని బ్రేకు తొక్కిన. బ్రేకుల ఏం లోపం లేదు, నేనే బిగిచ్చిన. తొక్కంగనే బండి ఆగింది. ఆగింది గని, భూపాలపల్లిల.”

“ఘనపురం ఏడ, భూపాలపల్లి ఏడ అన్నా,” అన్నడు యాకయ్య.

“గదే నేను జెప్పేది. నడుమ వరంగల్ వచ్చిందో రాలేదో నేను సూడలే. దిగి సూస్తె బొగ్గు బాయిల కాడ ఉన్నం. కార్మికులంత సమ్మెల కూసున్నరు. మా బండి వాలకం సూసి, బొగ్గు తవ్వేటందుకు బయటి దేశం నుంచి కొత్త మిషన్ తెచ్చిన్రు, మా సమ్మె ఇరగ్గొడ్తరు అని చుట్టుముట్టిన్రు. అన్నలారా, ఇది మిషన్ గాదు, వీడు పెండ్లికొడుకు అన్న. ఏది ఆనవాలు అన్నరు. మొకం మీద పసుపు అన్న. ఏది పసుపు? అది మూడో గేరులనే రాలిపాయె. ఇగ వీడు ఏడ్వబట్టిండు. ఏడుపు సూసి పెద్దమనిషి ఒకాయన, ‘ఇది లగ్గం పిలగాని ఏడుపే, ఇడిసిపెట్టున్రి’ అన్నడు.

ఇడిసిపెట్టిన్రు. గని రోడ్డు నిండ జనం, బండి తిప్పే జాగ లేదు. పొద్దు నెత్తి మీదికొస్తున్నది. నేనొక్క క్షణం ఆలోచన జేసి, ఐదో గేరుల ఉండంగనే రివర్సు ఏసిన.”

“ఐదోది, రివర్సు, రెండూ ఒక్కసారి పడ్తయా?” అన్నడు గోవర్ధన్.

“మామూలు డబ్బల పడయి. నా చేతి డబ్బ అది. ఎనుకకు పోతున్నం, పోతున్నం. నెత్తి మీదికొచ్చిన పొద్దు తూర్పుకు జరగబట్టింది. నేను పట్టిచ్చుకోలే. ఘనపురంల లగ్గమింటి ముంగట ఆపి సూస్తె పందిరి లేదు. గుంజలకు గుంతలు తవ్వుతున్నరు. లగ్గం ఎప్పుడు అంటె, రేపు అన్నరు.”

ఉప్పలమ్మ గరిటె ఆగింది.

“నిన్నటికి చేరినం అక్కా. పొద్దు నెత్తి మీదికి రాకముందే రమ్మన్నరు గదా, మరీ ముందుగాల వచ్చినం. ఎల్లేశ్ పరేషానై, ఇంట్ల చెప్దమని తన నంబరుకే తప్పి ఫోన్ కొట్టిండు. ఎవలెత్తిన్రు? ఎల్లేశే ఎత్తిండు. తొర్రూరు శిబిరంల కూసున్న నిన్నటి ఎల్లేశు. ‘లగ్గానికి పోవాలె, బండి లేదు’ అని వాడు మొర పెట్టుకుంటె, ‘ఏం ఫికర్ చెయ్యకు, పొద్దున ఎల్లస్వామన్న షెడ్డు కాడికి పో’ అని వీడే ధైర్యం చెప్పిండు. నేనేమో ఖాళీగ ఎందుకు ఉండాలని పందిరి గుంజలు పాతిచ్చిన. తెల్లారి లగ్గమైంది. గంతే. చాయ పొయ్యి అక్కా.”

ఉప్పలమ్మ చాయ పోసి ఇచ్చింది. గప్పుడు బల్ల చివరన ఉన్న ముసలాయన చేతులు దులుపుకున్నడు.

“ఎర్ర బండి. డ్రైవరు దిక్కు తలుపుకు తాడు కట్టి ఉండె,” అన్నడు.

ఎల్లస్వామి తిరిగి సూసిండు. “నీకెట్ల ఎరుక పెద్దమనిషీ?”

“నా పేరు బీక్యా. మాది గూడూరు దిక్కు తండ. ఆ యేడు పాలకుర్తి కాడ బాయి పూడిక తీసే పనికొచ్చి, బస్సుల్లేక చిక్కుకపోయిన. శిబిరంల అన్నం పెడ్తున్నరని ఆడ్నే కూసున్న. నీ బండి మా ముంగట్నే ఆగింది. నాలుగో గేరు దాక మంచిగనే వచ్చిందని నువ్వే అన్నవు. ఐదోది ఏద్దమని గుంజితె రాడ్ ఊడి నీ చేతులకొచ్చింది.”

యాకయ్య ఎల్లస్వామి మొకం సూసిండు. ఎల్లస్వామి చాయ గ్లాసులకు సూసిండు.

“ఆ పిలగాడు ఏడ్వలే గని, రోడ్డు మీద కూలబడ్డడు,” అన్నడు బీక్యా. “వాన్ని సూసి శిబిరమంత లేసినం. బండిని నెట్టినం. పాలకుర్తి దాటంగనే అవతలి శిబిరమోళ్లు అందుకున్నరు. వాళ్లు ఆ అవతలి ఊరిదాక నెట్టిన్రు. గట్ల చెయ్యి మార్సుకుంట పోయింది బండి. మేం కొందరం మాత్రం ఇడిసిపెట్టక చివరిదాక పోయినం, లగ్గంల యాటకూర ఉంటదని. చేరేటాల్లకు పొద్దు గూకింది.”

“మరి మేనమామ ఇంకో పిలగాడన్నడు గదా?” అన్నది ఉప్పలమ్మ.

“వానికి కొత్త బట్టలు సుత తొడిగిన్రమ్మా. పిల్ల పీటల మీదికెళ్లి లేవలే, వాన్ని పక్కన కూసోనియ్యలే. ఊరూరు కలిసి నెట్టుకొస్తున్నరని ఫోన్ల విన్నదట. ‘గంతమంది తోలుకొస్తున్నరు, నేను కూసుండలేనా’ అన్నదట.”

ఎల్లస్వామి గొంతు సవరించుకున్నడు.

“నెట్టిన్రు. నేను కాదన్ననా? నెట్టేటప్పుడు స్టీరింగ్ పట్టిందెవలు మరి?”

“నువ్వే. పెండ్లికొడుకు దిగి మాతోని నెట్టిండు. నువ్వొక్కనివే దిగలే. మేం నడుస్తున్నం. నువ్వేమో గాలికి ఎగిరిపోతదని తలరుమాలు ఒక చేత్తోని గట్టిగ పట్టుకున్నవు.”

యాకయ్యకు చాయ పొలమారింది. గోవర్ధన్ అతని వీపు తట్టుకుంట తానూ నవ్వాపుకోలేకపోయిండు.

“ఘనపురంల పిల్ల నాయినమ్మ హారతి పళ్లెంతోని ఎదురొచ్చింది,” అన్నడు బీక్యా. “చెమట కారుకుంట, మసి మొకంతోని ఉన్న ఎల్లేశ్‌ను ‘జర పక్కకు జరుగు కొడుకా’ అన్నది. కార్ల కూసున్న నీకు హారతిచ్చి, బొట్టు పెట్టి, ‘నా మనుమరాలి అదృష్టం’ అని మెటికలు విరిచింది.”

ఎల్లస్వామి మొకం వెలిగింది. మీసం మీద చెయ్యేసుకొని బల్ల మీద నిటారుగ కూసున్నడు. “విన్నరా సారూ. గప్పుడు గట్లుంటి మరి నేను.”

గూడూరు బస్సు వచ్చి ఆగింది. బీక్యా సంచి భుజానికేసుకొని లేచిండు.

“ఆ అవ్వకు రెండు కండ్లకు మోతిబిందు, ఏదీ సక్కగ కనబడది,” అన్నడు. “నీ పక్క సీట్ల ఆ ఊడిన గేరు రాడ్ నిలబెట్టి ఉంటే, తోడు పెండ్లికొడుకనుకొని దానికి సుత బొట్టు పెట్టింది.”