పిట్ట ముట్టలే

"తాతా, దేవుడు లేడంటవ్ కద. మరి తాగే ముందుగాల నేల మీద రెండు సుక్కలు ఎవరికి పోస్తవ్?"

సూసినవా? అచ్చం మీ నాయినమ్మ కండ్లే నీయి, ఏదీ దాగనియ్యవు. కూసో, సెప్త. తలుపు మాత్రం తీసే ఉండనియ్, బందు చేస్తే ఈ నడుమ నాకు ఊపిరాడతలేదు.

దేవునికి కాదు బిడ్డా. దేవుడు లేడు. ఉంటే నీ పెద్దనాయిన ఎందుకు పోతడు? నీకు పెద్దనాయిన ఉండెనని తెలుసా? ఆఁ, మీ నాయిన అప్పటికింక కడుపుల ఉన్నడు. అప్పుడు మనకు అడివి నడుమ ఉసూర్‌ల దుకాణం. ఉప్పు పెట్టుకొని కూసుంటే చాలు, అడివోళ్లు సోలెడు ఉప్పుకు తట్టెడు ఇప్పపువ్వు పోసి పోయేటోళ్లు. అన్యాయమే, ఒప్పుకుంట, గని అందరం అట్లనే చేసినం. ఏం సెప్తున్న? పిల్లోడు. ఐదేండ్లోడు. కాదు, ఆరుల పడ్డడు. వానకాలం, జొరం పట్టింది. దవాఖానకు తీస్కపోదమంటే వాగు నిండుగ వస్తంది. ఒడ్డు మీద కూసొని మీ నాయినమ్మ మొక్కింది, నేనూ మొక్కిన. భద్రాచలం రామున్ని ఎన్ని తీర్ల పిలిసినమో. వాగు తగ్గలే. నా ఒళ్లెనే పోయిండు.

ఆనాటి సంది నేను దండం పెట్టలే. ఆమె మాత్రం రామున్ని ఇంకింత గట్టిగ పట్టుకుంది. "రాముడే లేకుంటే నా కొడుకు ఏడ ఉన్నట్టయ్యా?" అనేది.

జోగ అని ఒక దోర్లాయన, ఆ అడివోళ్లల్లనే, ఉండె, మన దుకాణం ఎనక చింతపండు ఎండబోసేటోడు. ఆయన సెప్పిండు. "సావుకారీ, సచ్చినోళ్లు ఏడికీ పోరు. ఇంట్లనే, పెద్దల పేరు మీద పెట్టిన కుండల ఉంటరు. మనమే పెట్టాలె ఆళ్లకు." ఆ మాట నాకు పట్టింది. దేవున్ని నేను సూడలే. పిల్లోన్ని ఒళ్లె పట్టుకున్న కద, వాడు లేడని ఎట్లంట? జోగ తాగే ముందు సుక్క పోస్తుండె, నేనూ మొదలువెట్టిన. చిన్నపిల్లోనికి సారా ఏందని మీ నాయినమ్మ తిట్టేది. దేవుడు లేనోనికి ఈ దయ్యాలెందుకని మీ నాయిన ఇప్పటికీ నవ్వుతడు. నవ్వనియ్.

ఇప్పుడు రెండో సుక్క ఆమెకు.

మూన్నెల్ల కింద ఆమె పోయినప్పుడు నువ్వు జగదల్‌పూర్‌ల పరీక్షలల్ల ఉంటివి, ఇప్పుడు నేననేది నీకు ఎవరూ సెప్పలే. పోయే ముందు దినం నా చెయ్యి పట్టుకుంది. "ఏమయ్యా, పిల్లోని కాడికి పోతున్న. నువ్వూ ఆడికే వస్తవ్ కద? వస్తనను, ఒక్కమాట." నేను నవ్విన బిడ్డా. "ఆడ ఏమున్నదే? నీ రామునికి నా మొకం సూపియ్యాల్నా?" అన్న. ఆమె నా చెయ్యి ఇడిసిపెట్టింది. మళ్ల నాతోని మాట్లాడలే.

మూడో దినం పిట్టకు పెట్టిండ్రు. ఆమెకు ఇష్టమని గారెలు, ఎండుచేపల కూర విస్తరాకుల పెట్టి, తుమ్మ చెట్టు కాడ ఉంచి, అందరూ ఎడంగ జరిగిండ్రు. కాకి ముడితే పోయినామె మనసు నిమ్మళమైనట్టు. ముట్టకుంటే ఏదో మిగిలినట్టు. కాకులొచ్చినయ్, గోడ మీద కూసున్నయ్. ముట్టలే. "నాయినను మంచిగ సూసుకుంటనే అవ్వా" అని మీ నాయిన మొక్కిండు. ముట్టలే. నా బామ్మర్ది ఇంటికి ఉరికొచ్చిండు. "బావా, అక్క నీ కోసమే ఆగింది, వచ్చి నిలవడు." నేను అరుగు మించి లేవలే. ఆమెకు ఏం కావాల్నో నాకు తెలుసు. వస్తనే, అంటే అయిపోతుండె. యాభై ఏండ్లు లేదు లేదన్న నోటితోని ఊరందరి ముందట ఎట్లనాలె? సిగ్గైంది. "ఆకలైతే అదే తింటది, పోరా" అన్న. పాడు నోరు. పొద్దు నడినెత్తికి వచ్చేదాంక సూసి, ఆవుకు పెట్టి, తానాలు చేసి వచ్చిండ్రు.

అప్పటి సంది బయం. రాముని కాడికి పోనే లేదేమో. ఇంటికీ రాలేదేమో. ఆ తుమ్మ చెట్టు కిందనే ఆకలితోని నిలవడ్డదేమో. అగ్గో, కాకి! కొట్టకు, ఉండనియ్. రోజు పొద్దుగాల ఆ చెట్టు కాడికి పోయి "వస్తనే, వస్త" అంటున్న. ఇనబడుతదా ఆమెకు? నాకు తెల్వదు. ఎవర్ని అడగాలె? దేవుడుంటే ఆయన్నడుగుదును, ఆయనా లేకపాయె.

సచ్చుడంటే నాకు బయం లేదు. ఉత్తమాట, బయమే. రాముడు రానియ్యడు, జోగ వాళ్ల కుండల నాకు జాగ ఉండదు. నేను ఏడికి పోవాలె బిడ్డా?

అందుకే నీకు సెప్తున్న, మీ నాయినకు కాదు. నేను పోయినంక, ఈయన ఏదీ నమ్మనోడు, ఈయనకు పిట్టేంది, గిట్టేంది అంటరు. ఇనకు. నువ్వు పెట్టు. తొందరగ ముట్టదు కావొచ్చు, మీ నాయినమ్మకు కోపం ఉంటది కద. జర సూసి అందరూ లేసి పోతరు. నువ్వు పోకు. నా తల్లివి, సల్లగుండాలె, నూరేండ్లు ఉండాలె నువ్వు. ఎండల కూసోకు మరి, గొడుగు తెచ్చుకో, నీళ్లు దగ్గర పెట్టుకో. లేవకు మాత్రం.