ఫ్రిజ్ కింది చెక్కముక్క

వంటగది. ఒంటరిగా ఉంటున్న ఇంటాయన, ఫ్రిజ్ బాగుచేసే మెకానిక్. ఎదురింట్లోంచి రంపం చప్పుడు.

"పొద్దున పోసిన పాలు కూడా విరిగాయి. గ్యాసు అయిపోయిందేమో చూడు."

"గ్యాసు లేకపోతే పై అరలో ఇంత మంచు కట్టదు బాబాయిగారూ. మోటారు కూడా తిరుగుతోంది. అసలు ఆగడమే లేదు, అదీ రోగం. ఈ మంచు గీకాలి, చెక్క తెడ్డేమైనా ఉందా?"

"లేదు. ఉండేది. విరిగిందని మా ఆవిడ పారేసింది."

"అమ్మగారు ఊళ్ళో లేరా?"

"లోకంలోనే లేదు. నీ పని నువ్వు చూడు."

"అయ్యో... తెలీదండీ. ఒక కాగితం ముక్క ఇవ్వండి."

"కాగితమెందుకు, మంత్రం రాసి కడతావా?"

"తలుపు సందులో పెట్టి లాగుతా. పట్టుకుంటే తలుపు మంచిదన్నట్టు. ఇదిగో, కింద పట్టుకుంది. పైన చూడండి, వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు వచ్చేసింది."

"రబ్బరు పోయిందా?"

"రబ్బరు నిక్షేపంలా ఉంది. ఫ్రిజ్జే ఒరిగింది. ముందు కుడికాలు ఎత్తులో ఉంది, ఎడమకాలు నేల మీదుంది. తలుపు మెలిపడి పైన సందిచ్చింది. చల్లదనమంతా అందులోంచే పోతోంది. కుడికాలి కింద చెక్కముక్క ఉందండీ. ఎడమవైపు కూడా ఒకటి ఉండాలే, నేల మీద గుర్తుంది. ఏదండీ?"

"పోయింది."

"ఫ్రిజ్ కింద నుంచి ఎలా పోతుందండీ, దానికేమైనా కాళ్ళున్నాయా?"

"పోయిందన్నానా లేదా?"

"సరే, సరే. దానికేముంది, ఎదురింట్లో రంపం ఆడుతూనే ఉందిగా. ఆ వడ్రంగిగారిని అడిగి..."

"వాడి చెక్క నా గుమ్మం దాటి రాకూడదు."

"చిన్న ముక్కండీ."

"చిన్న ముక్కతోనే మొదలైంది."

"ఏమిటి మొదలైంది?"

"ఏమీ లేదు. అట్టముక్క పెట్టు. ఇటుకముక్క పెట్టు."

"అట్ట నలుగుతుంది. ఇటుక ఎత్తవుతుంది. వడ్రంగి అయితే చిటికెలో..."

"చిటికెలో! ఆమెదీ ఇదే మాట. ఎదురింటాయన చిటికెలో చేస్తాడు. ఎదురింటాయన చెయ్యి తగిలితే చెక్క మాట వింటుంది. మీరు మేకు కొడితే గోడ ఏడుస్తుంది. అన్నం పెడుతూ ఇదే పాట."

"ఆడవాళ్ళు దెప్పకుండా ఉంటారేమిటండీ? మా ఇంట్లో ఫ్రిజ్ చెడి ఏడాదైంది. మా ఆవిడైతే నన్ను..."

"నీ ఇంటి సంగతి నాకెందుకు? ఈ తలుపు సరిగ్గా పడటం లేదు, ముందుకాళ్ళు కాస్త ఎత్తు చెయ్యండి అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చేస్తానన్నాను. నేను ఊరెళ్ళి వచ్చేసరికి అయిపోయి ఉంది. ఎవరు చేశారే అంటే నవ్వింది."

"నవ్వి?"

"ఇంకెవరు, మీరా? ఎదురింటాయనే, అంది."

"అంతేనా?"

"అంతేనా అంటావేమిటి? నేను లేనప్పుడు వాడు నా వంటింట్లో చతికిలబడి కూర్చున్నాడు. ఆరోజు నుంచీ వాడితో మాటల్లేవు. ఆమె పోయిన రోజున చూడటానికొచ్చాడు. గుమ్మంలోంచే పొమ్మన్నాను."

"చివరిచూపుకి కూడా రానివ్వలేదా?"

"రానివ్వలేదు. మళ్ళీ ఆ రోజే వచ్చినా రానివ్వను."

"మీకో దణ్ణం. కాస్త ఈ మూల పట్టుకోండి, ఎత్తుతాను. ఈ ఉన్న ముక్క కూడా తీసేస్తే రెండు కాళ్ళూ సమంగా నేల మీదుంటాయి. తలుపు మాత్రం మీరే నెట్టి మూసుకోవాలి. పట్టారా? అబ్బ, ఎంత బిగుసుకుపోయిందో! అందుకే మిగిలినట్టుంది. ఆ... వచ్చింది."

"బయట పారెయ్. నాకు చూపించకు."

"ఇది వడ్రంగి కోసింది కాదండీ."

"నీకేం తెలుసు?"

"ఎవరికైనా తెలుస్తుందండీ. రంపం పెట్టిన జాడే లేదు. కూరలు తరిగే కత్తితో నానా తంటాలు పడి నరికారు. ఎలుక కొరికినట్టుంది. పైగా ఇది... తెడ్డు ముక్కలా ఉందే?"

"అంచు మాడి ఉందా?"

"ఉంది. ఒక పక్క నల్లగా."

"ఇలా ఇయ్యి."

"జాగ్రత్తండీ, పేళ్ళు గుచ్చుకుంటాయి. అమ్మగారే కోసి పెట్టుకున్నారన్నమాట. ఎదురింటాయన పేరు వేళాకోళానికి చెప్పి ఉంటారు."

"విరిగిందని పారేశానంది నాతో."

"బాబాయిగారూ, ఆ రెండోది కూడా ఈ తెడ్డులోదే అయ్యుంటుంది. వెతకండి. రెండూ పెడితే తలుపు మునుపటిలా దానంతటదే..."

"లేదు."

"ఇంట్లోనే ఉంటుందండీ, ఎక్కడికి పోతుంది?"

"మొన్నే లాగి కాల్చేశాను."

"అయ్యో! ఎందుకండీ?"

"వాడిదనుకుని."