నైసుకి అసలర్థం

“పక్కింటి వదిన చెప్పింది. ఎదురు వాటాలోకొచ్చిన టైలరమ్మని చూసి మీరు ‘నైస్’ అన్నారటగా?” మిక్సీ ఆపి మరీ అడిగింది భార్య.

ఇంగ్లీషు మాస్టారికి కాఫీ పొలమారింది.

“అయ్యో పిచ్చిదానా, అది పొగడ్త కాదే! లాటిన్‌లో దానర్థం ఏమీ తెలియనివాళ్ళని. ఇంగ్లీషులోకొచ్చిన కొత్తలో మొద్దు అని. ఆవిణ్ణి తిట్టాను!”

“నాకు తెలిసిన నైసులు రెండే. పిండి నైసుగా రుబ్బడం, మగాళ్ళు నైసుగా జారుకోవడం.”

“ఒట్టు! డిక్షనరీ తెమ్మంటావా?”

“అక్కర్లేదు. పెళ్ళికి ముందు మా నాన్నకి ‘మీ అమ్మాయి నైస్’ అని ఉత్తరం రాశారుగా. అంటే నేను మొద్దునా?”

“ఛఛ! అప్పటికి అర్థం మారిపోయిందే. మంచిదనీ, చక్కనిదనీ!”

“మరి టైలరమ్మ దగ్గరికొచ్చేసరికి మళ్ళీ వెనక్కి మారిందా?”