అయిదు గంటల దాకా నా సంతకం

సభ నడిపిస్తున్న మా డైరెక్టర్ బ్లగోయా గారికి, ఇంత ఎండలో రాజధాని స్కోప్యే నుంచి దయచేసిన పెద్దలకి, నాకంటే ముందే రిటైరై నాకంటే ఆరోగ్యంగా కనిపిస్తున్న సీనియర్లకి, సరిహద్దు గేటు దించేసి మరీ లోపలికొచ్చి కూర్చున్న తోటి ఉద్యోగులకి నమస్కారం. బయట ఆగిపోయిన లారీ డ్రైవర్లకి కూడా నమస్కారం, వాళ్లకి వినపడకపోయినా. (నవ్వులు)

గోడ గడియారంలో నాలుగున్నర అయింది. అయిదింటికి నా ఉద్యోగం అయిపోతుంది. ఆ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

డైరెక్టర్ గారు ఇందాక నన్ను ‘కస్టమ్స్ సంస్కరణలకు తల్లి’ అన్నారు. ముప్ఫై నాలుగేళ్లలో ఈ గేటు దగ్గర నన్ను చాలా మాటలన్నారు గానీ తల్లి అని పొగిడినవాళ్లు తక్కువ. ‘దిగుమతికి పదకొండు కాగితాలుండేవి, మన వసిల్కా గారు ఒక్కటి చేశారు’ అన్నారు. నిజమే. ఆ ఒక్కదానికీ పది అనుబంధాలున్నాయని మర్యాద కొద్దీ చెప్పలేదు. (నవ్వులు) ‘ముద్ర తీసేశారు, అధికారి సంతకం చాలన్నారు’ అని కూడా అన్నారు. అదీ నిజమే. ఆ చట్టమొచ్చి రెండేళ్లయింది. పోయిన వారం నా పెన్షన్ కాగితం ముద్ర లేదని వెనక్కొచ్చింది. పంపినవారు ముందు వరసలోనే ఉన్నారు, లేచి నిలబడనక్కర్లేదు. (చప్పట్లు)

మరి ఆ పాత ముద్రనే అద్దాల పెట్టెలో పెట్టి నాకు బహుమతిగా ఇచ్చారు. కొత్తగా చేరిన పిల్లలకి తెలియదు, ఇంకు ఎండిపోతే దీన్ని నోటి దగ్గర పెట్టుకుని ‘హా’ అని ఊది కొట్టేవాళ్లం. ముద్ర ఎవరి జేబులో ఉంటే వాళ్లే ప్రభుత్వం. అందుకే పెళ్లికి వెళ్లినా ఎవరి ముద్ర వాళ్లు వెంట పట్టుకెళ్లేవాళ్లు.

పంతొమ్మిదేళ్ల కింద జులైలో, ఒక శుక్రవారం, మా పశువుల డాక్టరు అలాగే తన ముద్రతో సహా మేనకోడలి పెళ్లికి వెళ్లాడు. అదే మధ్యాహ్నం దిమ్కో తాత స్లొవేనియా నుంచి వ్యానులో నలభై రాణీ తేనెటీగల్ని తెచ్చాడు, అగ్గిపెట్టెలంత డబ్బాల్లో. కాగితాలన్నీ ఉన్నాయి. డాక్టరు ముద్ర ఒక్కటే లేదు. అది సోమవారం గానీ రాదు. బయట నలభై డిగ్రీలు.

“రూలు రూలే తాతా” అన్నాను.

“మీ రూలుకి ఎండ తగలదు కదమ్మా” అన్నాడు. “నిరుడు తెగులొచ్చి నా పెట్టెలన్నీ ఖాళీ అయ్యాయి. ఇవి కూడా చస్తే నేనిక తేనెటీగల వాణ్ణి కాదు, ఉత్త ముసలాణ్ణి.”

ఆ రోజు నేను షిఫ్టు అధికారిని. నా కింద స్లావ్చో అని కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టరు. మూడుసార్లు వచ్చి అడిగాడు. “అక్కా, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లేనిది ముద్ర. అది పెళ్లిలో చిందులేస్తోంది. మనం ఇక్కడ ఈగల్ని చంపుతున్నాం.”

మూడోసారి నేను కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని, “నేను కాఫీ తాగుతున్నాను. నాకేమీ కనపడదు” అన్నాను.

ఆ మాటకి అర్థమేమిటో ఈ హాల్లో అందరికీ తెలుసు. వాడికీ తెలుసు. ఒక కాగితం మీద మూడు ముక్కలు రాశాడు. ‘సరుకు ముందు వదిలాను. కాగితం తర్వాత వస్తుంది. బాధ్యత నాది.’ సంతకం పెట్టి గేటు ఎత్తాడు.

సోమవారం డాక్టరు వచ్చి ముద్ర కొట్టేశాడు. బుధవారం తనిఖీవాళ్లు దిగారు. ఎవరిని అడిగి వదిలాడని నన్ను అడిగితే, ‘నాకు తెలియకుండా’ అని నివేదిక రాశాను. రాసి, ఇదిగో ఈ ముద్రనే, ‘హా’ అని ఊది కొట్టాను. ఆ ఊపిరి నాదే.

వాడి ఉద్యోగం పోయింది. కొత్త చట్టంలో మీరంతా మెచ్చుకునే పద్నాలుగో సెక్షన్ ఉందే, సరుకు ముందు, కాగితం తర్వాత అని, అది నేను రాసింది కాదు. వాడి కాగితం చూసి ఎక్కించాను. దానికి నాకు పతకం ఇచ్చారు. వాడేమో ఎదురుగా బురెక్ రొట్టెల కొట్టు పెట్టుకుని, కస్టమ్స్ కాగితాలు నడిపే క్లియరింగ్ ఏజెంటు లైసెన్సుకి నాలుగుసార్లు దరఖాస్తు పెట్టాడు. నాలుగుసార్లూ నా నివేదిక చూపించి కొట్టేశారు. దాన్ని వెనక్కి తీసుకోగలిగేది రాసిన అధికారి ఒక్కరే, అదీ ఉద్యోగంలో ఉండగానే. ఆరేళ్లుగా నాకీ సంగతి తెలుసు. మరి ఇవాళే ఎందుకంటారా? పెన్షన్ కాగితం ముద్రతో పొద్దున్నే చేతికొచ్చింది. నా ధైర్యం ఆపాటిది. సిగ్గుగా ఉంది.

స్లావ్చో, పంచుతున్న ఆ బురెక్ తట్ట కింద పెట్టు, ఇలా రా.

(వెనక నుంచి: “వదిలెయ్ అక్కా, బురెక్ చల్లారిపోతుంది.”)

పంతొమ్మిదేళ్లు వదిలేశాను కదరా, చాలు.

డైరెక్టర్ గారూ, ఇదిగో కాగితం. ఆ నివేదిక అబద్ధం, అతను నన్ను అడిగే వదిలాడు అని రాశాను. కింద నా సంతకం. వెనక్కి తిప్పి చూస్తున్నారేం సార్? ముద్ర కోసమా? (నవ్వులు) సంతకం చాలని అరగంట కిందే మెచ్చుకున్నారు. కాదంటే చెప్పండి, అద్దం పగలగొడతాను.

నాలుగూ యాభై మూడు. అందినట్టు మీరు రాసిచ్చేదాకా మైకు వదలను.

(డైరెక్టర్ కలం తీస్తారు.)

ధన్యవాదాలు సార్. నన్ను భరించిన మీ అందరికీ ధన్యవాదాలు. ఇంకా ఏడు నిమిషాల ఉద్యోగం మిగిలింది. వెళ్లి గేటు నేనే ఎత్తుతాను, పాపం లారీలు ఎండలో ఉన్నాయి. సెలవు.